మరమ్మతు నిమిత్తం

సూరత్ పక్కన సచిన్ అనే ఊళ్ళో బస్సు దిగి, రంగునీళ్ళ వాసన వేసే రోడ్డు వెంట కొంచెం దూరం నడిస్తే మా ఆవరణ గోడ కనిపించేది. చూడ్డానికి మామూలు గోడే. పైన ముళ్ళకంచె, మధ్యలో పెద్ద గేటు, గేటు పక్కన నా గది. కానీ చట్టం దృష్టిలో ఆ గోడ లోపల ఉన్నది సూరత్ కాదు, విదేశం. ఎగుమతుల కోసమని ప్రత్యేకంగా కట్టిన చోటు అది. లోపలి ఫ్యాక్టరీల నుంచి ఒక గుండీ బయటికి రావాలన్నా పరాయి దేశం నుంచి దిగుమతి అయినట్టే లెక్క. దానికి కాగితం ఉండాలి, సుంకం కట్టాలి, కొన్ని సరుకులకైతే ముందే పై నుంచి అనుమతి తెచ్చుకోవాలి. ఆ కాగితాలు చూసి సంతకం పెట్టడం నా ఉద్యోగం. అప్పటికి కస్టమ్స్‌లో చేరి ఇరవై ఏళ్ళయింది, సూరత్‌కి బదిలీ అయి నాలుగేళ్ళు.

కొత్తవాళ్ళకు ఈ సంగతి చెప్తే నవ్వేవారు. నేనే నవ్వించేదాన్ని. "మా టీ అతను పాస్‌పోర్టు లేకుండా రోజుకు రెండుసార్లు విదేశం వెళ్ళొస్తాడు" అనేదాన్ని. మా ఆయన బ్యాంకులో పనిచేస్తారు. ఆల్థాన్‌లో మా ఫ్లాటుకి ఎవరైనా వస్తే, "మా ఆవిడ పొద్దున్నే దేశం దాటిపోతుంది, సాయంత్రం కూర పొయ్యి మీద పెట్టేవేళకి తిరిగొస్తుంది" అని వేళాకోళం చేసేవారు. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, ఢిల్లీవాళ్ళు ఒప్పుకున్నా నేను ఒప్పుకోనని కూడా అనేవారు. అది నిజమే.

నాకు నియమాలంటే ఇష్టం. ఈ మాట పైకి అనకూడదని చాలామంది అనుకుంటారు, నేను అనేస్తాను. మా పుస్తకాల్లో లోకంలోని ప్రతి వస్తువుకూ ఒక అంకె ఉంటుంది. ఆ అంకె ఎదురుగా ఒక మాట ఉంటుంది: స్వేచ్ఛగా పంపవచ్చు, అనుమతి ఉంటేనే పంపవచ్చు, అసలు పంపకూడదు. గుర్రం నుంచి గుండుసూది దాకా ఈ మూడింటిలో ఏదో ఒకదాని కింద ఉండాల్సిందే. తెప్పించుకోవడానికీ ఇంతే. ఏ దేశమైనా అంతే. ఇంట్లో పిల్లలకే చాలనప్పుడు ఏ తల్లీ పొరుగింటికి పాలు పొయ్యదు. పొయ్యాలనుకుంటే ముందు గిన్నెలో ఎన్ని ఉన్నాయో చూసుకుంటుంది. లైసెన్సు అంటే ఆ చూసుకోవడమేనని కొత్తగా చేరినవాళ్ళకు చెప్పేదాన్ని.

మొదటి లాక్‌డౌన్ వచ్చిన ఏడాది ఆ మూడు మాటలూ ఒక చోట నిలవలేదు. మాస్కులు బయటి దేశాలకు పంపకూడదన్నారు. కొన్నాళ్ళకి గుడ్డ మాస్కులు పంపవచ్చు, ఆసుపత్రి మాస్కులు మాత్రం కాదన్నారు. డాక్టర్లు వేసుకునే నిండు అంగీలు నిషిద్ధమన్నారు, తర్వాత నెలకి ఇన్నే అని హద్దు పెట్టారు, ఆ తర్వాత హద్దు కూడా తీసేశారు. ఓడకెక్కాల్సిన పెట్టెలు మా గేటు దాకా వచ్చి ఆగిపోయేవి. యూనిట్ల మేనేజర్లు తలలు పట్టుకునేవారు. నేను మాత్రం ప్రతి ఉత్తర్వూ పొద్దున్నే అచ్చు తీసి, ఎర్ర పెన్నుతో గీతలు కొట్టి, ఫైల్లో పెట్టుకునేదాన్ని. ఢిల్లీకి ఫోన్ చేసే ముందు వాళ్ళు నాకు చేసేవారు. లోకం అంతా గిలగిల్లాడుతుంటే నాకు లోపల్లోపల గర్వంగా ఉండేది. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది.

ఆ లాక్‌డౌన్ సడలాకనే అతన్ని మొదటిసారి చూశాను. సిరిసిల్ల వైపు మనిషి. పద్దెనిమిదేళ్ళు సూరత్ మగ్గాల మీద పనిచేశాడు. లాక్‌డౌన్‌లో ఊరికి పోయి, తిరిగొచ్చేసరికి అతని కార్ఖానాలో సగం మగ్గాలు నడవడం లేదు. దాంతో మా ఆవరణలో ఒక యూనిట్‌లో ప్యాకింగ్ పనికి చేరాడు. ఆ యూనిట్ వాళ్ళు ఆసుపత్రి సామాను చైనా నుంచి తెప్పించి, కొత్త పెట్టెల్లో సర్ది, ఆఫ్రికా దేశాలకు పంపేవారు. ఇక్కడ అమ్మకూడదు. వాళ్ళ లైసెన్సు అంతవరకే.

ఒక సాయంత్రం గేటు కాపలావాళ్ళు అతని సంచి పట్టుకొచ్చి నా బల్ల మీద పెట్టారు. లోపల థర్మకోల్ ముక్కలు. పెట్టెల్లోంచి తీసి పారేసినవే. చెత్తయినా సరే, ఆ గోడ దాటితే దిగుమతే. నేను హిందీలో చెడామడా తిట్టి, తీసుకెళ్ళి లోపల పడేసి రమ్మన్నాను. అతను సంచి ఎత్తుకుంటూ తనలో తాను అనుకున్నట్టుగా, "ఈ మేడమ్ కడుపుల పేగులున్నయో కాగితాలున్నయో" అన్నాడు.

"పేగులే ఉన్నాయి. థర్మకోల్ మాత్రం లోపల పెట్టి రండి" అన్నాను.

మనిషి బిక్కచచ్చిపోయాడు. నాకు నవ్వొచ్చింది. ఎందుకయ్యా ఈ చెత్త అని అడిగితే, "మా రూముకు రేకులు మేడమ్. కింద గిది పెడ్తె ఎండ జర తక్కువైతదన్నరు. మా ఇంటామెకు ఎండ ఆగది" అన్నాడు. అయినా నేను పోనివ్వలేదు.

మర్నాడు గుడ్డలో చుట్టిన సర్వపిండి తెచ్చి బల్ల మీద పెట్టాడు. వాళ్ళావిడ తప్పయిందని చెప్పమందట. కృష్ణా జిల్లాలో పుట్టినదాన్ని, నేను అప్పటిదాకా సర్వపిండి తినలేదు. పల్లీలూ నువ్వులూ తగులుతూ, అంచులు కరకరలాడుతూ ఎంత బాగుందో. "ఇది బయటి నుంచి లోపలికి వచ్చింది కాబట్టి ఎగుమతి. అభ్యంతరం లేదు" అన్నాను. ఆ మాట అతను ఇంటికి వెళ్ళి చెప్పాడు. ఆమెకు అది బాగా నచ్చినట్టుంది. ఆ తర్వాత రెండు వారాలకోసారి ఆమె నాకు ఎగుమతి చేస్తూనే ఉంది. ఎలా చేస్తారో ఫోన్‌లో అడిగాను. "గంజుల చెయ్యాలక్కా, మీ పెనం మీద రాదు" అంది. గంజు అంటే వాళ్ళ లోతు గిన్నె. అలా మాటలు కలిశాయి. చూసింది లేదు, ఫోన్‌లోనే అక్కా అక్కా అనేది.

రెండో ఏడాది ఉగాదికి రెండు వారాల ముందు ఆమెకు జ్వరమొచ్చింది. నగరం ఎలా ఉందో చెప్పక్కర్లేదు, ఆ వేసవిలో అన్ని ఊళ్ళూ అలాగే ఉన్నాయి. పది రోజులు ఆసుపత్రిలో ఉంది. మంచాలు చాలక, కొంచెం కుదుటపడ్డవాళ్ళను ఇంటికి పంపేస్తున్న రోజులు. ఊపిరితిత్తులు దెబ్బతిన్నాయి, నెలా నెలన్నర ఇంట్లో ఆక్సిజన్ పెట్టుకుంటే మెల్లగా కోలుకుంటుందని డాక్టరు చెప్పి పంపాడట.

అతను నా గదికి వచ్చి బల్లకి దూరంగా నిలబడ్డాడు.

"మేడమ్, జర ఒక్క మాట."

"చెప్పండి."

"మా ఇంటామెకు దమ్ము అందుతలేదు. సిలిండర్ కోసం రెండు దినాల సంది లైన్ల నిలవడ్డ, దొరుకుతలేదు. మా గోదాంల మిషిన్లున్నయి మేడమ్, గాలిలకెల్లి ఆక్సిజన్ తీసేటియి. నేనే మోసి పెట్టిన. మా శేఠ్‌ను అడిగిన, వాపస్ ఇచ్చే లెక్కన తీస్కపో అన్నడు. మీరు గేటు దాటనిస్తరా?"

ఆఫ్రికా కోసం తెప్పించిన ఆక్సిజన్ యంత్రాలవి. ఓడ దొరక్క గోదాములో ఉన్నాయి. ఊళ్ళో మందుల దుకాణాల్లో ఒక్కటి లేదు, ఇక్కడ మాత్రం వరసలుగా ఉన్నాయి. నేను అతనికి నియమం చెప్పాను. ఈ యూనిట్ సరుకు మన దేశంలో వాడకూడదని, వాడాలంటే కమిటీకి దరఖాస్తు పెట్టాలని, మూడు వారాలైనా పడుతుందని. చెప్తున్నప్పుడు నా గొంతు నాకే రోతగా వినిపించింది.

"మూడు వారాలు ఆమె ఉంటదో లేదో మేడమ్" అన్నాడు. కోపంగా కాదు. నాకు తెలియని సంగతి ఒకటి చెప్తున్నట్టు అన్నాడు.

అతని వెనకే వాళ్ళ మేనేజర్ కూడా వచ్చాడు. పెద్దాయన, గుజరాతీ. తలుపు దగ్గర నిలబడి, "బెన్, ఏక్ రస్తో ఛే" అన్నాడు. ఒక దారి ఉందన్నాడు. అదేమిటో ఆయన చెప్పే ముందే నాకు తెలుసు. లోపలి యంత్రమేదైనా పాడైతే మరమ్మతుకి బయటికి పంపవచ్చు. సుంకం ఉండదు, అనుమతి అక్కర్లేదు. ఒక పాస్ రాసి, ఫలానా రోజుకి తిరిగి తెస్తామని సంతకం పెడితే చాలు. గేటు అధికారి ఒప్పుకుంటే అయిపోతుంది. గేటు అధికారిని నేనే.

కొనేవాళ్ళకు చూపించడానికి పెట్టె విప్పిన యంత్రం ఒకటి ఉంది. కొత్తది, ఒక్కరోజు కూడా నడవనిది. దాని నంబరు వేసి పాస్ రాశాను. కారణం: మరమ్మతు నిమిత్తం. గడువు: ముప్పై రోజులు. ఎక్కువ రాస్తే ఎవరి కంటైనా పడుతుందని ముప్పయ్యే రాశాను. లోపం ఏమిటో రాయాల్సిన గడి దగ్గర పెన్ను ఆగిపోయింది. చివరికి 'గాలి సరిగా అందడం లేదు' అని రాశాను. అది యంత్రం గురించి కాదని గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో నేను రాసిన మొదటి అబద్ధం అది. రాశాక భయం వేసింది, సంతోషం కూడా వేసింది. అతను యంత్రాన్ని బిడ్డనెత్తుకున్నట్టు రెండు చేతులతో ఎత్తుకుని గేటు దాటాడు.

తర్వాతి ఆదివారం లింబాయత్‌లో వాళ్ళ గదికి వెళ్ళాను. మేడ మీద రేకుల గది. తలుపు తీసిపెట్టి, మాస్కు బిగించుకుని గుమ్మంలోనే స్టూలేసుకుని కూర్చున్నాను. ఆమెను చూడడం అదే మొదలు. నేననుకున్నదానికంటే చిన్నది, బక్కపలచటి మనిషి. ముక్కుకి పైపు, ఒళ్ళో ఒక చీర. చీరల వెనక వేలాడే దారాలు కత్తిరించే పని ఆమెది. కూచోలేని మనిషి కూడా ఆ పని మానలేదు. పక్కనే యంత్రం గురగురమంటోంది. దానికి పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి ఉంది.

"లేవలేనక్కా, ఏమనుకోకు. పైపు పొడుగు గింతనే ఉంది" అంది. కాసేపాగి, "ఇది ఏ దేశంది?" అని అడిగింది.

చెప్పాను.

"గంత దూరంకెల్లి నా కోసం వచ్చిందా!" అని నవ్వబోయి దగ్గింది.

రాత్రిళ్ళు దాని చప్పుడుకి నిద్ర పడుతోందా అని అడిగితే, "సాంచెల నడుమ ఇరవై ఏండ్లు పండుకున్న. సప్పుడు లేకుంటెనే నిద్ర రాదు" అంది. మగ్గాన్ని వాళ్ళు సాంచె అంటారు. తర్వాత భర్త వైపు చూసి, మళ్ళీ నా వైపు చూసి, "దీనికి ఏం రోగమని రాసినవక్కా కాగితంల?" అంది.

గాలి సరిగా అందడం లేదని రాశానన్నాను.

"నా రోగం దానికి అంటగట్టినవ్! పాపం, అది మంచిగనే ఉంది" అంది. ముగ్గురం నవ్వాం. ఆమె నవ్వు చాలాసేపు నిలవలేదు, పైపు సర్దుకుని కళ్ళు మూసుకుంది. ఇంటికి వచ్చేటప్పుడు నాకు ఎంత తేలిగ్గా ఉందంటే, ఆటోలో కూనిరాగం తీశాను.

ఆమె నిజంగానే కోలుకుంటోంది. అతను రోజూ గేటు దగ్గర ఆగి చెప్పేవాడు. పైపు తీస్తే మొదట్లో పది నిమిషాలు కూడా ఉండలేకపోయేది. రెండో వారానికి అరగంట. మూడో వారానికి గంట దాకా ఉండగలుగుతోంది, పొయ్యి దగ్గర కూర్చుని చాయ్ పెట్టిందట. ఆ తర్వాత మాత్రం ఆయాసం వచ్చి పెదాలు నల్లబడేవి, మళ్ళీ పైపు పెట్టుకునేది.

ఆ మధ్యలోనే ఢిల్లీ నుంచి కొత్త ఉత్తర్వు వచ్చింది. ఇలాంటి యంత్రాలు విదేశాల నుంచి ఎవరైనా కానుకగా పంపితే, సొంత వాడకానికైతే లైసెన్సు అక్కర్లేదు, సుంకం కూడా లేదు. అలవాటు ప్రకారం అచ్చు తీశాను, ఎర్ర గీతలు కొట్టాను. విజయవాడ నుంచి మా చుట్టాలావిడ ఫోన్ చేస్తే అరగంట సేపు విడమరిచి చెప్పాను. మా గోడ లోపల ఉన్నది కూడా విదేశమే కదా, ఆ శేఠ్ ఈమెకు ఒక కానుక కాగితం రాసిస్తే సరిపోతుందా అని ఒక్కమాట పైవాళ్ళను అడిగి ఉండాల్సింది. ఒప్పుకునేవారో లేదో తెలియదు. అడిగితే కదా తెలిసేది. ఆ ఆలోచన నాకు రాకపోలేదు. కానీ అడిగితే ఏ యంత్రం, ఎక్కడుంది అంటారు. అబద్ధం రాసిన చేత్తో ఆ యంత్రం పేరు మళ్ళీ ఏ కాగితం మీదా ఎత్తడానికి భయపడ్డాను. పాస్ ఉంది కదా, ఇంకా గడువుంది కదా అనుకుని ఊరుకున్నాను.

నాలుగో వారం, గురువారం నాడు మా పై ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. ఆవరణలోని యూనిట్లలో ఆక్సిజన్ యంత్రాలు ఎన్ని ఉన్నాయో, ఒక్కొక్కదాన్ని కళ్ళారా చూసి, నంబర్లతో సహా సోమవారానికల్లా పంపమన్నారు. ఎందుకో రాయలేదు. గుమ్మడికాయ దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ముందు నా పాస్ నకలే తీసి చూసుకున్నాను. కొత్త యంత్రానికి మరమ్మతేమిటి, ఊళ్ళో దుకాణాలన్నీ మూసుంటే ఎవరు చేస్తున్నారు అని ఒక్క ప్రశ్న వేస్తే దొరికిపోతాను. ఎవరో ఫిర్యాదు చేశారనే అనుకున్నాను. ఆ రోజుల్లో అలాంటి యంత్రాలు దొంగతనంగా అమ్ముకునేవాళ్ళ గురించి పేపర్లో రోజూ వచ్చేది. నన్నూ వాళ్ళలో కలుపుతారనుకున్నాను.

శుక్రవారం అతనికి సెలవు. కడోదరాలో ఒక ఫ్యాక్టరీలో తెలిసినాయన ఉంటే బతిమాలి, సోమవారం పొద్దున ఒక నిండు సిలిండర్ ఆమె గదికి పంపేట్టు ఒప్పించాను. ఆ తర్వాత అతనికి ఫోన్ చేశాను. ఫోన్ ఆమె ఎత్తింది. చెప్పడం మొదలుపెట్టాను కానీ మధ్యలో నాకు ఏడుపొచ్చింది. నా ఉద్యోగం పోతుందన్నాను, కేసు పెడతారన్నాను. యంత్రం సోమవారానికి లోపల ఉండాలన్నాను. లెక్క పంపేశాక, పది రోజుల్లో సరైన కాగితాలతో మళ్ళీ మీ ఇంటికే పంపిస్తానన్నాను. సిలిండర్ వస్తుందని చెప్పాను. సిలిండర్ వచ్చాకే యంత్రం తియ్యండని చెప్పానా లేదా అన్నది ఎంత గింజుకున్నా గుర్తు రావడం లేదు. ఆమె అంతా విని, "ఏడ్వకక్కా. నీకేం గాదు" అంది. ఊపిరి అందని మనిషి చేత ఓదార్పు మాటలు చెప్పించుకున్నాను.

ఆ వారం సగం మందిమే ఆఫీసుకి వెళ్ళాలి. శనివారం నా వంతు కాదు. శని, ఆదివారాలు ఇంట్లోనే ఉన్నాను. ఆదివారం పొద్దున మా ఆయన కాకరకాయలు తెస్తే కూర్చుని గింజలు తీశాను. ఇంత వివరంగా ఎందుకు గుర్తుందంటే, ఆ వేళకి నేనేం చేస్తున్నానో తర్వాత చాలాసార్లు లెక్క వేసుకున్నాను.

సోమవారం వెళ్ళగానే గేటు రిజిస్టరు తీసి చూశాను. శనివారం పదకొండు గంటలకు యంత్రం తిరిగి వచ్చినట్టు కాపలా అతని సంతకం ఉంది. హమ్మయ్య అనుకున్నాను. పైకే అన్నాను. గోదాములోకి వెళ్ళి నంబరు సరిచూశాను. పసుపూ కుంకుమా తడిగుడ్డతో తుడిచేశారు. ఒక మరమేకు సందులో మాత్రం కొంచెం పసుపు మిగిలిపోయింది, అది నా చేతిరుమాలుతో తుడిచాను. యంత్రాలన్నీ చూసి, జాబితా టైపు చేయించి, మధ్యాహ్నంలోగా పంపేశాను. ఒక్క నంబరు తేడా లేదు. అప్పుడు, సిలిండర్ అందిందో లేదో కనుక్కుందామని ఫోన్ చేశాను.

"సిలిండర్ ఆయన వచ్చిండు మేడమ్. వాపస్ పంపిన" అన్నాడు.

"వాపసా? ఎందుకు?"

"నిన్న పొద్దుగాల పోయింది మేడమ్."

అవతల ఎవరో అతన్ని పిలుస్తున్నారు, ఇంక మాట్లాడలేనన్నట్టు ఫోన్ పెట్టేశాడు. బల్ల మీద జాబితా నకలు ఇంకా తెరిచే ఉంది. పొద్దున నేను హమ్మయ్య అన్నప్పటికే ఆమె పోయి ఒక రోజు దాటింది.

గురువారం రెండో ఉత్తరం వచ్చింది. ఆవరణలో ఉన్న యంత్రాలను మన దేశంలో వాడకానికి వదిలెయ్యవచ్చని, ఆసుపత్రులైనా మనుషులైనా ఒక్క పేజీ దరఖాస్తు పెడితే చాలని అందులో ఉంది. ఎన్ని ఉన్నాయో అడిగింది అందుకట. గిన్నెలో పాలెన్నో చూసుకుని పిల్లలకు పోద్దామని అడిగారు. దొంగల్ని పట్టుకోవడానికని నేననుకున్నాను. వాళ్ళు రాయలేదు నిజమే, నేనూ అడగలేదు. కామా కూడా వదలకుండా చదువుతానని పేరున్నదాన్ని, ఆ ఒక్క ఉత్తరాన్ని భయంతో చదివాను.

దాచి ప్రయోజనం లేదనిపించింది. మా పై అధికారి దగ్గరికి వెళ్ళి పాస్ సంగతి మొత్తం చెప్పాను. ఏ శిక్ష వేసినా సరేనన్నాను. ఆయన తన ఇంట్లోనూ ఒకరిని పోగొట్టుకుని అప్పుడే డ్యూటీకి వచ్చారు. పాస్ నకలు తీసుకుని గడువు తేదీ చూశారు. తర్వాత, "ఫోన్ చేసి నాతో ఒక్కమాట అంటే నేనే గడువు పొడిగించి ఉండేవాణ్ణి కదమ్మా" అన్నారు. అంతకంటే తిట్టి ఉంటే బాగుండేది. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు. నా చేతులు కాలలేదు, అదే నన్ను తినేస్తోంది.

రిజిస్టరులో ఆ పాస్ మూసెయ్యాలి. మరమ్మతు ఏం చేశారు, ఎవరు చేశారు అని రెండు గడులు ఉంటాయి. మూడు రోజులు అలాగే ఖాళీగా వదిలేశాను. చివరికి 'లోపం లేదు' అని రాసి సంతకం పెట్టాను. అది నిజమే కాబట్టి రాయగలిగాను.

ఆమె దినవారాలయ్యాక అతను పనికి వచ్చాడు. గుండు చేయించుకున్నాడు, మనిషి సగమయ్యాడు. ఆ రోజు యంత్రాలు రెండు టెంపోల్లో ఆసుపత్రులకు వెళ్తున్నాయి. అతనే ఎక్కిస్తున్నాడు. కాగితాల మీద సంతకం కోసం నా గదికి వచ్చాడు. నేను అతని మొహం చూడలేకపోయాను. క్షమించమనడానికి నోరు రాలేదు, ఆ మాట అంటే అతను సరేననాలి, అంత పని అతనితో చేయించే హక్కు నాకు లేదనిపించింది. వేరే ఏం అడగాలో తెలియక, ఇన్నాళ్ళూ నన్ను నమిలేస్తున్నదే అడిగాను.

"సోమవారం అన్నాను కదా. శనివారమే ఎందుకు తెచ్చారు?"

అతను కాగితాలు బల్ల మీద పెట్టి, వాటిని సరిగ్గా సర్ది, అప్పుడు చెప్పాడు.

"నేను వద్దన్న మేడమ్. సిలిండర్ వచ్చినంక ఇద్దమన్న. ఆమెనే పైపు తీసి నా చేతుల పెట్టింది. 'అక్క ఫోన్ల ఏడ్సింది. మంచి చెయ్యవోయి ఆమె నౌకరి ఖతరాల పడ్డది. సోమవారమే ఎవరన్న వచ్చి చూస్తె? ఇయ్యాలే ఇచ్చి రా' అన్నది. నీకెట్ల మరి అన్న. 'గంట సేపు ఉంటలేనా పైపు లేకుంట? గట్లనే ఒక్కొక్క గంట ఉంట. సోమవారం ఎంత దూరముంది' అన్నది."

బయట టెంపో డ్రైవరు హారన్ కొడుతున్నాడు. నేను సంతకాలు పెట్టాను. అతను కాగితాలు తీసుకుని వెళ్ళిపోయాడు.

నా ఉద్యోగం పోలేదు. ఇప్పటికీ చేస్తున్నాను.